జిల్లా మారినా ఫైలు దొరకాలి

2016 అక్టోబర్ 11, విజయదశమి. ఆ ఒక్క రోజుతో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 57 మండలాల పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరుపడ్డాయి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి సిద్దిపేటలో కలిశాయి. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వరంగల్ అర్బన్‌కు పోయాయి. కాటారం, మహదేవపూర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. అటు 52 మండలాల ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడిపోయాయి.

పండుగ మర్నాటి నుంచి మా డీటీపీ దుకాణాల్లో ఊపిరాడనంత పని. అఫిడవిట్లు, కిరాయి ఒప్పందాలు, బడుల లెటర్‌హెడ్లు, సంఘాల రశీదు పుస్తకాలు, దుకాణాల బోర్డులు, అన్నింటి మీదా జిల్లా పేరు మారాలి. నేను కరీంనగర్‌లో కోర్టు దగ్గర డీటీపీ, జిరాక్స్ దుకాణం నడుపుతాను. తల్లిగారిల్లు మంచిర్యాల. టైపు, పేజ్‌మేకర్ అక్కడే నేర్చుకున్నాను కాబట్టి అటువాళ్ళు కూడా పనులు నాకే పంపుతారు. ఆ నెలల్లో వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "అక్కా, పాత ఫైలు మీ దగ్గర ఉన్నది గదా, జిల్లా పేరు మార్చి ఇయ్యరాదు?" ఫైలు ఎక్కడ ఉందో తెలిసిన దుకాణాలు అప్పటికప్పుడు మార్చి ఇచ్చాయి. తెలియనివి మొత్తం మళ్ళీ టైపు చేశాయి, రేపు రమ్మన్నాయి. హార్డ్ డిస్కులో ఫోల్డర్లు ఎట్లా పెట్టుకోవాలన్నది కంప్యూటర్ చదివినవాళ్ళ ముచ్చట అనుకుంటాం గానీ, బెజ్జంకి నుంచి వచ్చిన ముసలాయన ఇంకోసారి బస్సెక్కాలా వద్దా అన్నది దాంతోనే తేలుతుంది.

అప్పటికి చాలా ఆఫీసుల్లో, దుకాణాల్లో ఫోల్డర్ల వరుస రెవెన్యూ వాళ్ళ వరుసే. పైన జిల్లా, దాని లోపల మండలం, మండలం లోపల ఊరు, ఊరి లోపల మనిషి పేరు. చూడటానికి పద్ధతిగా ఉంటుంది. జిల్లాలు మారినప్పుడు దానిలోని లోపం బయటపడింది. కమలాపూర్ సంగతే తీసుకోండి. 2016 దాకా కరీంనగర్ ఫోల్డర్‌లో ఉండాలి. ఆ తర్వాత వరంగల్ అర్బన్‌లో ఉండాలి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరే హనుమకొండ అయింది. అయిదేళ్ళలో ఒక మండలానికి మూడు అడ్రసులు. కొందరు పాతవి పాత చోటే వదిలి కొత్తవి కొత్త ఫోల్డర్‌లో పెట్టారు. కొందరు అన్నీ కొత్తదాంట్లోకి తోశారు. ఒకే దుకాణంలో ఇద్దరు ఆపరేటర్లు రెండు తీర్ల చేసినచోట ఒక్క ఇంటి కాగితాలు మూడు చోట్ల పడ్డాయి.

పై పేర్లు మారడం మన దగ్గర కొత్త కాదు. 1905లో ఎలగందుల జిల్లా పోయి కరీంనగర్ జిల్లా వచ్చింది. ఆసిఫాబాద్ ఒకప్పుడు జిల్లా కేంద్రం, ఆ హోదా ఆదిలాబాద్‌కు పోయి 2016లో మళ్ళీ తిరిగి వచ్చింది. బండి నంబర్లు చూడండి: కరీంనగర్ ఏపీ 15గా ఉండి 2014లో టీఎస్ 02 అయింది, 2016 తర్వాత జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22, సిరిసిల్లకు 23 వచ్చాయి, 2024లో టీఎస్ పోయి టీజీ అయింది. ఇన్ని మార్పుల్లోనూ ఊరు మాత్రం ఊరే. పిన్‌కోడ్ కూడా కదలలేదు, సిరిసిల్ల అప్పుడూ ఇప్పుడూ 505301. గడిచిన సంవత్సరాన్ని ఏ ప్రభుత్వమూ మార్చలేదు.

అందుకే నేను నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పేది ఇదే. మారనిది పైన పెట్టండి, మారేది కిందికి నెట్టండి. నా మెషీన్‌లో డి డ్రైవ్ తెరిస్తే 'పనులు' అని ఒక ఫోల్డర్. దాంట్లో సంవత్సరాలు. 2016 తెరిస్తే ఊళ్ళు. ఊరు తెరిస్తే ఇంటిపేరు, పక్కన పని పేరు. అంటే డి:\పనులు\2016\కమలాపూర్\ అని అడ్రసు నడుస్తుంది. జిల్లా పేరు కాగితం మీద ఉంటుంది, ఫోల్డర్ మీద ఉండదు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మనుషులు వచ్చి అడిగే తీరే అది. "మా పెద్దబిడ్డ లగ్గమైన ఏడు చేయించిన కార్డు" అంటారు, ఊరు చెబుతారు, ఇంటిపేరు చెబుతారు. అది పేజ్‌మేకర్ ఫైలా, కోరెల్ ఫైలా అన్నది వాళ్ళకు అక్కరలేదు. అయినా ఎన్నో దుకాణాల్లో పేజ్‌మేకర్‌వి ఒక ఫోల్డర్, కోరెల్‌వి ఒక ఫోల్డర్, ఫోటోలు ఒక ఫోల్డర్ అని పెట్టుకుంటారు. చేసిన సాధనాన్ని బట్టి సర్దితే రెండు రోజులు దాటాక చేసినవాళ్ళకే దొరకదు. అడగబోయే మనిషిని బట్టి సర్దాలి.

అసలు హార్డ్ డిస్కు లోపల అరలు లేవు. అక్కడున్నవి నంబర్లు వేసిన చిన్న చిన్న గడులు, వాటిలో అయస్కాంతపు గుర్తులు. ఏ ఫైలు ఏ గడుల్లో ఉందో, అది ఏ ఫోల్డర్ కిందికి వస్తుందో రాసిపెట్టుకున్న పట్టిక ఒకటి ఉంటుంది. మనం ఫోల్డర్ అనేది ఆ పట్టికలో ఒక పేరు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మొదటి డాస్‌లో ఈ ఫోల్డర్లే లేవు. 160 కేబీ ఫ్లాపీలో 64 ఫైళ్ళు, అన్నీ ఒకే వరుసలో. ఆ కొద్దివాటికి వరుస చాలింది. 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. అన్ని ఫైళ్ళు ఒకే జాబితాలో పెడితే మనిషి కంటికి ఆనదు కాబట్టి, దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో డైరెక్టరీలు, వాటి లోపల డైరెక్టరీలు పెట్టారు. ఈ ఆలోచన పెద్ద కంప్యూటర్ల మీద అప్పటికే నడుస్తున్నది, 1965లోనే మల్టిక్స్ రూపొందించినవాళ్ళు దీన్ని వివరించి పెట్టారు.

ఆ రోజుల్లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, చుక్క తర్వాత మరో మూడు. ఇంగ్లీషులో ఆదిలాబాద్ సరిగ్గా ఎనిమిది అక్షరాలు, పట్టేది. కరీంనగర్ పది, తోక కోయాల్సిందే. మంచిర్యాలా అంతే. నేను నేర్చుకునే నాటికి విండోస్ 95 వచ్చి ఆ కట్టు తెగిపోయింది గానీ, మాకు నేర్పిన సారు మాత్రం డాస్ అలవాటుతో ఊరి పేర్లను నాలుగక్షరాలకు కుదించి పెట్టేవారు. ఆయన ఉన్నంతకాలం అవి ఆయనకు అర్థమయ్యాయి. పేరు పూర్తిగా రాయండి, ఇప్పుడు చోటుకు కరువు లేదు.

ఫోల్డర్ పట్టికలోని పేరే కాబట్టి, ఒకే డ్రైవ్‌లో దాన్ని ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మార్చడానికి క్షణం పడుతుంది. నలభై జీబీల పెండ్లి ఫోటోలున్నా అంతే. గడుల్లో ఉన్నది కదలదు, పట్టికలో ఎవరి కింద అన్న ఒక్క ముక్క మారుతుంది. కమలాపూర్ భూమి అంగుళం కదలకుండా జిల్లా మారినట్టే ఇదీ. అదే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి పంపితే ప్రతి గడీ చదివి అక్కడ మళ్ళీ రాయాలి, అందుకే అంతసేపు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మౌస్‌తో పట్టి లాగితే ఒకే డ్రైవ్‌లో అయితే ఫైలు అక్కడికి తరలిపోతుంది, వేరే డ్రైవ్‌కైతే నకలు పడుతుంది. చేయి ఒకే పని చేస్తుంది, ఫలితం రెండు తీర్లు. కుడి బటన్ పట్టి లాగితే తరలించాలా నకలు తీయాలా అని విండోస్ మనల్నే అడుగుతుంది. నేను పిల్లలకు కుడి బటనే అలవాటు చేయిస్తాను.

తరలించడం సులువే, కానీ ఆ పాత అడ్రసును ఎవరెవరు రాసుకున్నారో చూసుకోవాలి. పేజ్‌మేకర్ పెద్ద ఫోటోలను తనలో దాచుకోదు, ఆ ఫోటో ఎక్కడుందో అడ్రసు రాసుకుంటుంది. ఫోటో ఫోల్డర్‌ను జరిపితే స్క్రీన్ మీద బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది గానీ ప్రింటులో మసకగా వస్తుంది. సంతాప పత్రికలో తండ్రి ముఖం అలుక్కుపోతే ఆ ఇంటివాళ్ళకు ఏం చెబుతాం? కాబట్టి ఒక పనికి ఒక ఫోల్డర్, ఆ పని ఫోటోలు ఆ ఫోల్డర్ లోపలే. జరిపితే అన్నీ కలిసి జరగాలి.

పేర్ల దగ్గర మన జిల్లాలు మంచి పాఠం నేర్పాయి. పాత ఆదిలాబాద్‌లో రెండు సిర్పూర్ మండలాలు: సిర్పూర్ టి అంటే టౌన్, సిర్పూర్ యు అంటే ఉట్నూరు. పాత కరీంనగర్‌లో రెండు ముత్తారాలు, ఒకటి మంథని, ఒకటి మహదేవపూర్. రెవెన్యూ వాళ్ళు తోక తగిలించి వేరు చేశారు. కంప్యూటర్ కూడా ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్ళను ఒప్పుకోదు, వేర్వేరు ఫోల్డర్లలో ఎన్నైనా ఉండనిస్తుంది. చిక్కు అక్కడే. పది ఫోల్డర్లలో పది 'అఫిడవిట్' ఫైళ్ళు ఉండి, ఎవరో అన్నింటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి వేస్తారు. పాతదాని మీద కొత్తది రాయమంటారా అని అది అడుగుతుంది, చేయి అలవాటుగా అవును అని నొక్కుతుంది. తొమ్మిది పోయి ఒకటి మిగులుతుంది. ఫోల్డర్ తోడు లేకున్నా ఫైలు తన పేరు తాను చెప్పుకోగలగాలి. ఇంటిపేరు, పని, తేదీ మూడూ ఫైలు పేరులోనే రాస్తే అది ఎక్కడ తప్పిపోయినా ఎవరిదో తెలుస్తుంది.

తేదీకి సంవత్సరం ముందు రాయండి: 2016-10-12. అట్లా రాస్తే పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. రోజు ముందు రాస్తే పన్నెండో తారీఖులన్నీ ఏ ఏడాదివైనా ఒకచోట చేరతాయి. మనం చేత్తో రాసేటప్పుడు వాడే ఏటవాలు గీత ఫైలు పేరులో చెల్లదు, అది అడ్రసులో ఫోల్డర్లను విడదీసే గుర్తుల జాతిది. వకీళ్ళ గుమస్తాలకు ఇది రోజూ తగిలే ఇబ్బంది, ఎందుకంటే కేసు నంబర్లన్నీ ఓఎస్ 45/2016 తీరుగానే ఉంటాయి. మా దగ్గర దాన్ని '2016-ఓఎస్-045' అని రాస్తాం. ముందు సున్నా పెట్టడం వల్ల ఏ ప్రోగ్రాంలో చూసినా వరుస తప్పదు.

ఫోల్డర్ పేర్లు తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా రాయొచ్చు, యూనికోడ్‌లో రాయాలి. కాకపోతే ఒక లెక్క ఉంది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు డ్రైవ్ అక్షరం మొదలు ఫైలు పేరు చివరిదాకా మొత్తం అడ్రసు 260 గుర్తులు దాటితే తెరవలేవు. మంచిర్యాల మన కంటికి నాలుగు అక్షరాలు, కంప్యూటర్ లెక్కలో తొమ్మిది గుర్తులు. గుణింతం, ఒత్తు, సున్నా వేరువేరుగా లెక్కకు వస్తాయి. తెలుగులో పెద్ద పెద్ద పేర్లు పెట్టి ఏడెనిమిది అంతరువుల లోతుకు పోతే ఏదో ఒకనాడు ఫైలు తెరుచుకోదు, నకలు కూడా తీయనివ్వదు. నాలుగు అంతరువులు మనకు చాలు.

ఇప్పటి పిల్లలు ఈ బాధంతా ఎందుకంటారు. వెతుకు డబ్బాలో పేరు కొడితే వస్తుంది గదా అక్కా అంటారు. వాళ్ళ తప్పు కాదు, ఫోన్‌తో మొదలైన తరం. 2021లో అమెరికాలో ద వర్జ్ అనే పత్రిక, ఇంజినీరింగ్, ఫిజిక్స్ చెప్పే ప్రొఫెసర్లకు ఎదురైన ఇదే సంగతిని రాసింది: ఫైలు ఎక్కడ సేవ్ చేశావంటే విద్యార్థులకు ప్రశ్నే అర్థం కావడం లేదని. వాళ్ళకైనా వెతుకుడు పనిచేస్తుంది, రాసిందంతా ఇంగ్లీషు కాబట్టి. మన తెలుగుకు అది సగమే పనిచేస్తుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఇరవై ఏళ్ళుగా టైపు చేసిన లక్షల పేజీలు కంప్యూటర్ కంటికి తెలుగు కావు. తెలుగు అచ్చులా కనిపించే ఇంగ్లీషు గుర్తులు. 'కమలాపూర్' అని వెతికితే ఆ ఫైళ్ళ లోపల ఏమీ దొరకదు. స్కాన్ చేసిన పట్టాలు, పహాణీలు, కుల ధృవీకరణ పత్రాలు అయితే ఉత్త బొమ్మలు, లోపల వెతకడానికి అక్షరాలే లేవు. ఇంగ్లీషు ఆఫీసు కన్నా తెలుగు ఆఫీసుకు మంచి ఫోల్డరూ మంచి పేరూ ఎక్కువ అవసరమని నేను గట్టిగా చెబుతాను. మన అను ఫైళ్ళకు, స్కాన్ బొమ్మలకు ఇంకో ఆనవాలు లేదు.

యూనికోడ్‌లో టైపు చేసినదానికి ఈ బాధ లేదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో జయధీర్ తిరుమలరావు గారు, ఆయనతో ఉన్నవాళ్ళు వెలుగులోకి తెచ్చిన గోండి లిపికి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ లిపిలో ఇవాళ పాఠం టైపు చేసే టీచరుకు మన అను ఫైళ్ళ బాధ రాదు. ఎంతో సంతోషించాల్సిన సంగతి.

ఇక ప్రోగ్రాముల సంగతి. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఒక ఫోల్డర్, దాని పక్కన ఎక్స్ 86 అని తోక ఉన్నది ఇంకొకటి కనిపిస్తుంది. రెండోది 32 బిట్ ప్రోగ్రాములది, పేజ్‌మేకర్ లాంటి పాతవి అందులో ఉంటాయి. రెండెందుకని ఒకటి తీసేయకండి. సి డ్రైవ్ నిండిపోయిందని ఆ ఫోల్డర్లను కత్తిరించి డి డ్రైవ్‌లో అతికించకండి. డాస్ రోజుల్లో ప్రోగ్రామ్ అంటే దాదాపు ఆ ఒక్క ఫోల్డరే, ఫ్లాపీలో వేసుకుపోతే ఎక్కడైనా నడిచేది. విండోస్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు రిజిస్ట్రీ అనే విండోస్ పట్టికలో అడ్రసులు రాస్తుంది, కొన్ని ముక్కలు విండోస్ ఫోల్డర్‌లో పెడుతుంది, మన సెట్టింగులు యాప్‌డేటా అనే దాపుడు ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఫోల్డర్‌ను జరిపితే మిగతావన్నీ పాత ఇంటికే పోయి తలుపు తడతాయి. చోటు కావాలంటే సెట్టింగులలోకి పోయి అన్‌ఇన్‌స్టాల్ చేయాలి, కొత్త చోట మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. డెస్క్‌టాప్ మీది గుర్తును చెరిపితే ప్రోగ్రామ్ పోదు, అది అడ్రసు చీటీ మాత్రమే.

ప్రోగ్రామ్ ఇంట్లో మన సొత్తు ఉంచకూడదన్నది ఇంకా ముఖ్యం. మా వైపు ప్రతి రైస్ మిల్లులో, ఆదిలాబాద్ వైపు ప్రతి జిన్నింగ్ మిల్లులో టాలీ అనే లెక్కల ప్రోగ్రామ్ ఉంటుంది. పాత మెషీన్లలో లెక్కలన్నీ టాలీ ఫోల్డర్ లోపలే డేటా అనే సబ్‌ఫోల్డర్‌లో ఉంటాయి, అదీ కంపెనీ పేరుతో కాదు, 10000, 10001 అని నంబర్లతో. పెద్దపల్లి వైపు ఒక మిల్లులో మెషీన్ నెమ్మదించిందని ఒక పిల్లవాడిని పిలిచారు. అతను మంచిగానే ఆలోచించి ప్రోగ్రామ్ ఫోల్డర్‌ను తీసేసి కొత్తగా వేశాడు. ప్రోగ్రామ్ చక్కగా వచ్చింది, వడ్ల లెక్కలు పోయాయి. నంబరు పేరున్న ఆ ఫోల్డర్‌లో మూడు సీజన్ల కొనుగోళ్ళు ఉన్నాయని అతనికి ఎవరూ చెప్పలేదు. చేతి పుస్తకాలు ఉండబట్టి మళ్ళీ ఎక్కించుకున్నారు. డేటా ఎక్కడ ఉంచాలో టాలీలోనే చెప్పే వీలుంది. డి డ్రైవ్‌లో 'లెక్కలు' అని ఫోల్డర్ చేసి ఆ అడ్రసు ఇవ్వాలి, ఏ నంబరు ఏ కంపెనీదో అందులోనే ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైల్‌లో రాసిపెట్టాలి.

డెస్క్‌టాప్ కూడా సి డ్రైవ్‌లోదే. కంటి ముందు ఉందని అదేదో వేరే జాగా అనుకుంటాం. విండోస్ పాడై సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టిన రోజు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ పోతాయి. వాటి మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ దగ్గర డి డ్రైవ్ చూపిస్తే అవి అక్కడికి మారతాయి. అట్లాగని డి డ్రైవ్‌లో ఉంటే భద్రం అని ఊరుకోవద్దు. సి, డి, ఈ అన్నీ చాలా మెషీన్లలో ఒకే డిస్కుకు గీసిన గీతలు. డిస్కు టకటకమని చప్పుడు మొదలుపెడితే మూడూ కలిసే పోతాయి. విడిగా ఇంకో డిస్కులో నకలు ఉండాలి, అది దుకాణంలో కాక ఇంట్లో ఉండాలి.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ పోయి షార్ట్‌కట్లు మిగిలాయని ఏడుస్తూ వచ్చే విద్యార్థులకు ఒక మాట. ఆ వైరస్ చాలాసార్లు ఫోల్డర్లను చెరపదు, దాచిపెడుతుంది. ఆట్రిబ్ అనే పాత డాస్ కమాండ్‌తో దాపుడు గుర్తు తీస్తే బయటికి వస్తాయి. పట్టుకుని ఫార్మాట్ చేయకండి, ముందు తెలిసినవాళ్ళకు చూపించండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఎక్కడ చూసినా మెషీన్లు మారుతున్నాయి. కొత్తదానికి పోయేటప్పుడు ప్రోగ్రాం ఫోల్డర్లు మోసుకుపోకండి, అవి అక్కడ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సినవే. పనుల ఫోల్డర్, లెక్కల ఫోల్డర్, వాడిన ఫాంట్లు తీసుకుపోండి. కొత్త మెషీన్‌లో బాగా పాత ఏడాది ఫైలు ఒకటి తెరిచి చూడండి, ఒక పేజీ ప్రింటు తీయండి, లెక్కల్లో పోయిన మార్చి నిల్వ సరిపోయిందో చూడండి. పండ్రెండు నెలల పనులూ ఒకసారి తిరిగి వచ్చేదాకా పాత డిస్కును ఎవరికీ అమ్మకండి, దాని మీద ఇంటిపేరూ తేదీ రాసి దాచండి.